పట్టుపురుగుల ఇంట్లో నీటి మొక్కలు

రాయకోట నుంచి హోసూరు పోయే దారిలో, రైలు పట్టాలకు అవతల, రామచంద్రప్ప ఇంటి వెనకాల ఒక పొడుగాటి రేకుల షెడ్డు ఉంది. ఆ షెడ్డులోకి పోవాలంటే ఎంతటివాళ్లైనా గుమ్మం ముందు కాళ్లు కడుక్కోవాలి. జేబులో బీడీలుంటే బయట పెట్టాలి. ముఖానికి పౌడరు పూసుకున్నవాళ్లు, అప్పుడే అగరుబత్తి వెలిగించి వచ్చినవాళ్లు, తలలో మల్లెపూలు పెట్టుకున్నవాళ్లు బయటే నిలబడి మాట్లాడి వెళ్లిపోవాలి. నలభై ఏళ్లపాటు ఈ నియమాలు పట్టుపురుగుల కోసం. ఇప్పుడు ఆ షెడ్డులో ఒక్క పురుగు లేదు. గాజుతొట్లు ఉన్నాయి, వాటిలో నీళ్లు, నీళ్ల అడుగున మొక్కలు ఉన్నాయి. మల్లెపూల వాసనకు ఈ మొక్కలకేమీ కాదని కోడలు పూర్ణిమ రెండుసార్లు చెప్పింది. రామచంద్రప్ప రెండుసార్లూ శ్రద్ధగా విన్నాడు. మల్లెపూలను మాత్రం లోపలికి రానివ్వలేదు.

ఆయనకు అరవై మూడేళ్లు. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, పట్టుగుడ్లు తెచ్చేచోట కన్నడం మాట్లాడుతూ పెరిగాడు. మూడు భాషల్లోనూ తక్కువే మాట్లాడేవాడు. మల్బరీ ఆకును చెంపకు ఆనించి చూసి అందులో తడి ఎంతుందో చెప్పేవాడు. చుట్టుపక్కల ఎవరి ఇంట్లో పురుగు సరిగ్గా మేయకపోయినా ఆయన్ను పిలిచేవాళ్లు. ఆయన వెళ్లి, వంగి చూసి, "ఆకు ముదిరింది" అనో, "గాలి చాలదు" అనో ఒక్క మాట చెప్పి, కాఫీ కూడా తాగకుండా తిరిగొచ్చేవాడు. ఆ ఒక్క మాటకు ఆ పక్క ఊళ్లలో ఉన్న విలువ చాలామంది ఉపన్యాసాలకు లేదు.

పట్టుపురుగు బతుకు ఇరవై అయిదు రోజులు. ఆ ఇరవై అయిదు రోజులూ అది చేసే పని తినడం. మధ్యలో నాలుగుసార్లు మాత్రం తిండి మానేసి, తల పైకెత్తి, కదలకుండా పడుకుని, పాత చర్మం విడిచి కొత్త చర్మంతో లేస్తుంది. ఆ పడకను అక్కడివాళ్లు జ్వరం అంటారు. పేరు జ్వరమే కానీ అది జబ్బు కాదు. ఆ ఒక్క రోజు పురుగును ముట్టకూడదు, ఆకు వేయకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. జబ్బు వేరే ఉంది, దానిపేరు పాలురోగం. పురుగు ఉబ్బి, చర్మం పలచబడి, పగిలి, తెల్లటి నీళ్లు కారుతుంది. ఆ నీళ్లు తగిలిన ఆకు తిన్న పురుగు కూడా పోతుంది. అలాంటి పురుగు ఒక్కటి కనిపించినా ఆ క్షణమే ఏరి, గుంత తీసి, పూడ్చి, పైన సున్నం చల్లాలి. జ్వరమైతే ముట్టకూడదు, రోగమైతే ఆగకూడదు. పట్టు రైతుకు తెలియాల్సిన చదువంతా ఇంతే. రామచంద్రప్ప దాన్ని పలకాబలపం కంటే ముందే నేర్చుకున్నాడు.

మూడేళ్ల కింద, నాలుగో జ్వరం లేచిన పురుగుల్లో ఆయనకు పన్నెండు ఉబ్బిన పురుగులు కనిపించాయి. ఆ రోజు ఆకు వానకు తడిసింది. తడి ఆకు తిని ఉబ్బి ఉంటాయిలే, రేపటికి సర్దుకుంటాయి అనుకున్నాడు. నలభై ఏళ్లలో ఎన్నడూ అలా అనుకోని మనిషి ఆ ఒక్క రోజు అనుకున్నాడు. మరునాటి పొద్దునకు తట్టలన్నీ తెల్లగా కారుతున్నాయి. ఇంకో వారంలో గూళ్లు కట్టాల్సిన పంట మొత్తాన్ని ఆయనా, భార్య మునెమ్మా సాయంత్రం దాకా గుంతలో పోశారు. ఆమె ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆయనకు చాలాసార్లు అనిపించింది.

ఆ తర్వాత ఇంట్లో ప్రాణమున్న ఏ వస్తువూ ఆయన చేతికి ఇవ్వలేదు. ఎవరూ కూర్చుని తీర్మానం చేసింది కాదు, అలా జరిగిపోయింది. ఆవులు మునెమ్మవి అయ్యాయి. టమాటా మడి కొడుకు దేవేంద్ర గుత్తకిచ్చేశాడు. రామచంద్రప్పకు రేషను షాపు వరస, కరెంటు బిల్లు, పెళ్లిళ్లకు వెళ్లి తలకాయ చూపించి రావడం మిగిలాయి. వీటిలో ఏదీ చచ్చిపోయేది కాదు కాబట్టి ఆయన వీటిని చక్కగా చేసుకొచ్చాడు.

పూర్ణిమది తెనాలి. హోసూరులో ఒక కంపెనీ క్వాలిటీ సెక్షన్‌లో పని చేయడానికి వచ్చి, అదే కంపెనీలో ఉన్న దేవేంద్రను చేసుకుంది. మొదట ఇద్దరూ హోసూరు పక్కనే మత్తిగిరిలో అద్దె ఇంట్లో ఉన్నారు. ఆ ఇంటి వరండాలో ఆమె ఒక చేపల తొట్టి పెట్టింది. కొన్నాళ్లకు చేపలు తగ్గాయి, మొక్కలు పెరిగాయి. ఇంకొన్నాళ్లకు తొట్లు మూడయ్యాయి, మొగుడూ పెళ్లాం ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సి వచ్చింది. కంపెనీ బస్సు రాయకోట దాకా వస్తోందని తెలిశాక, ఖాళీగా ఉన్న పట్టుపురుగుల షెడ్డు గుర్తొచ్చి, తొట్లతో సహా అత్తగారింటికి వచ్చేసింది. కోడలు వచ్చినందుకు మునెమ్మ సంతోషించింది. తొట్లు దేనికో ఆమెకు అర్థం కాలేదు. "గడ్డి పెంచేదానికి గాజు ఏమిటికమ్మా?" అని అడిగి, జవాబు అర్థం కాకపోయినా ఒప్పుకుంది.

రామచంద్రప్ప మొదటి నెలంతా గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. ఒకరోజు పూర్ణిమ పొడుగు పెరిగిన కాడ మొక్కలను కత్తిరించి, కొసలను ఇసుకలో గుచ్చుతోంది. ఆయనకు ఉండబట్టలేదు.

"కణుపు కింద కోయమ్మా. పైన కోస్తే కింద కుళ్లుతుంది. మల్బరీ కడ్డీ కూడా అట్లే నాటేది."

పూర్ణిమ కణుపు కింద కోసింది. వారంలో వేళ్లు వచ్చాయి. ఆ రోజు నుంచి మామగారిని లోపల కూర్చోనిచ్చింది. తొట్టిలో తగ్గిన నీళ్లకు వాననీళ్లు పోయడం, లైటు వేయడం, ఆర్పడం ఆయన పని అయ్యింది. మొక్కలను ముట్టుకోవడం మాత్రం ఆమె పనే. ఆయన ముట్టనని చెప్పలేదు, ఆమె ముట్టమని చెప్పలేదు. కానీ మొక్కల పేర్లన్నీ ఆయన నేర్చుకున్నాడు. 'క్రిప్టోకొరైన్' అన్న పేరును దేవేంద్ర ఈ రోజుకూ తప్పు పలుకుతాడు. రామచంద్రప్ప అక్షరం పోకుండా పలికేవాడు. పలికాక ఎవరైనా విన్నారా అని పక్కకు చూసేవాడు.

ఆ క్రిప్టోకొరైన్ దగ్గరే కథ అడ్డం తిరిగింది.

ఈ మొక్క నీళ్లలోనూ బతుకుతుంది, బయట తడిమట్టిలోనూ బతుకుతుంది. బయటైతే తొందరగా పిలకలు వేస్తుందని పూర్ణిమ చిన్న కుండీల్లో పెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి పెంచింది. హోసూరులో అక్వేరియం దుకాణం నడిపే శరవణన్ అమ్మకానికి నీళ్లలో కుదురుకున్న మొక్కలే కావాలన్నాడు. అందుకని నలభై ఎనిమిది కుండీలను తీసి, ఆరు గాజుతొట్లలోకి, తొట్టికి ఎనిమిది చొప్పున, దించింది. రెండేళ్లుగా ఆమె పెంచిన మూడు రకాల తల్లిమొక్కలూ అందులోనే ఉన్నాయి. దించిన మరునాడు తెనాలి నుంచి ఫోనొచ్చింది. వాళ్లమ్మకు కంటి ఆపరేషన్. దేవేంద్రకు రెండో షిఫ్టు. మిగిలింది రామచంద్రప్ప.

"పది రోజులే మామయ్యా. అన్నీ ఇందులో రాశాను" అని పూర్ణిమ ఒక కాగితం ఇచ్చింది. అందులో పదకొండు సంగతులున్నాయి. లైటు ఎప్పుడు వేయాలి, నీళ్లు ఎంత పోయాలి, కరెంటు పోతే ఏం చేయాలి, అన్నీ ఉన్నాయి. ఒక్క సంగతి మాత్రం లేదు. అది చెప్పాల్సిన సంగతని ఆమెకు తోచలేదు.

మూడేళ్లలో మొదటిసారి ప్రాణమున్నవి తన చేతికి వచ్చాయని రామచంద్రప్ప ఎవరితోనూ అనలేదు. ఆ రోజు గడ్డం గీసుకున్నాడు, అంతే.

మూడో రోజున ఆకులకు చిల్లులు పడ్డాయి. నాలుగో రోజున ఆకులు గాజులా పలచబడ్డాయి. అయిదో రోజు పొద్దున లైటు వేసేసరికి ఒక తొట్టిలో ఆకులన్నీ గంజిలా కరిగి, కాడల నుంచి జారి, నీళ్లలో తేలుతున్నాయి. పక్క తొట్టిలో సగం కరిగాయి. ఆ పక్కదానిలో మొదలైంది. పలచబడటం, కారడం, పక్కదానికి అంటుకోవడం. రామచంద్రప్ప దీన్ని ఇంతకుముందు చూశాడు.

పూర్ణిమకు ఫోన్ చేశాడు, మోగింది కానీ ఎత్తలేదు. మళ్లీ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. ఆ పొద్దే ఆపరేషన్ అని అప్పుడు గుర్తొచ్చింది.

"తీసేస్తాను" అన్నాడు మునెమ్మతో.

"కోడలొచ్చేదాకా ఉండరాదా?"

"ఉండినందుకే కదా ఆ పొద్దు అన్నీ పోయినాయి."

మూడేళ్లలో ఆ సంగతి ఆయన నోట రావడం అదే మొదలు. మునెమ్మ పార తెచ్చి ఇచ్చింది. ఆయన నలభై ఎనిమిది మొక్కలనూ పీకాడు. బాగున్నవీ బాగులేనివీ అని చూడలేదు, రోగంలో అలా చూడకూడదు. కుండీలకు గుచ్చిన పేరు చీటీలతో సహా ఒక గంపలో వేసి, షెడ్డు వెనకాల మూడడుగుల గుంత తీసి, పోసి, మట్టి కప్పాడు. తొట్లలో నీళ్లు పారబోశాడు. ఇక సున్నం చల్లితే పని అయిపోతుంది. ఇంట్లో ఉన్న సున్నం మూట ఎప్పటిదో, రాయిలా గట్టిపడి ఉంది. మునెమ్మ సిద్దప్ప వాళ్లింటికి సున్నం తేవడానికి పోయింది. పోయిన మనిషి సున్నం తీసుకుని వెంటనే వచ్చే రకం కాదు. ఆ రోజు అదే మంచిదైంది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"మామయ్యా, ఫోన్ చేశారా? అమ్మకు బాగానే ఉంది. కట్టు రేపు విప్పుతారు."

"మంచిదమ్మా. ఆకులు కరిగిపోతాండాయి, అందుకే చేసినాను."

పూర్ణిమ నవ్వింది. "అయ్యో, అది చెప్పడం మర్చేపోయాను చూడండి. కంగారు పడ్డారా? గాలిలో పెరిగిన ఆకులు కదా, నీళ్లలో బతకవు. అన్నీ రాల్చేసి, నీళ్లకు సరిపోయే కొత్త ఆకులు వేసుకుంటుంది. వేరు బాగానే ఉంటుంది. మూడు వారాలు దాన్ని అసలు కదపకుండా వదిలేయాలి, అంతే."

రామచంద్రప్ప షెడ్డు వెనకాలి గుంత వైపు తిరిగాడు.

"అంటే... పాత చర్మం విడిచినట్టా అమ్మా?"

"అంతే మామయ్యా. అంతే. మీకు తెలియంది ఏముంది?"

"సరేనమ్మా" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

జ్వరానికీ రోగానికీ తేడా తెలియనివాళ్లను రామచంద్రప్ప తన పట్టుపురుగుల ఇంట్లోకి జీవితంలో రానివ్వలేదు. ఇప్పుడు ఆ ఇంటి వెనకాల నిలబడి, తను పూడ్చిన గుంతను చేతులతో తవ్వుతున్నాడు. పార తగిలితే వేరుదుంప తెగుతుందని చేతులతోనే తవ్వాడు. గోళ్లలో మట్టి దిగింది. అరవై మూడేళ్ల మనిషికి ఏడుపు వచ్చింది. ఏడుస్తూ తవ్వాడు కానీ తవ్వడం ఆపలేదు.

సున్నం గిన్నెతో మునెమ్మ వచ్చేసరికి ఆయన మోకాళ్ల మీద ఉన్నాడు.

"సున్నం తెచ్చినాను."

"వద్దు."

"ఏమిటికి?"

"బతికే ఉండాయంట."

మునెమ్మ గుంతను చూసింది, గంపను చూసింది, మొగుణ్ణి చూసింది. "అయితే ఇది సిద్దప్ప వాళ్లకు తిరిగిచ్చి వస్తానా?" అని అడిగింది. ఆయన తవ్వుతూనే ఉండేసరికి గిన్నె పక్కన పెట్టి, కొంగు దోపుకుని, ఎదురుగా కూర్చుని తనూ తవ్వింది.

నలభై ఎనిమిది దుంపలూ దొరికాయి. ఒక్కొక్కదాన్ని వాననీళ్లలో కడిగి, కరిగిన ఆకు కోసేసి, సాయంత్రానికి మళ్లీ తొట్లలో నాటారు. ఒక చిక్కు మిగిలింది. ఆకు లేకపోతే మూడు రకాలూ ఒక్కలాగే ఉన్నాయి, ఏ దుంప ఏ రకమో తెలియదు. చీటీలను తోచినట్టు గుచ్చి ఊరుకోవచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. రామచంద్రప్ప వాటిని కడిగి, ఆరబెట్టి, ఒక గ్లాసులో వేసి కిటికీలో పెట్టాడు.

పూర్ణిమ రోజూ ఫోన్ చేసేది. "మొక్కలెలా ఉన్నాయి?" అని అడిగితే "ఉండాయమ్మా" అనేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. నిజం కూడా పెద్దగా లేదని ఆయనకు తెలుసు. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాడు. ఆస్పత్రిలో తల్లి దగ్గరున్న పిల్లకు ఎందుకు అనుకుని మూసుకున్నాడు. భయం వల్ల మూసుకున్నానని కూడా ఆయనకు తెలుసు.

వాళ్లమ్మ కన్ను తేరుకోవడానికి ఇంకా రోజులు పట్టడంతో పది రోజులని వెళ్లిన పూర్ణిమ పద్దెనిమిదో రోజున వచ్చింది. రాయకోటలో రైలు దిగి, ఆటోలో ఇంటికొచ్చి, సంచీ కింద పెట్టక ముందే రామచంద్రప్ప ఎదురొచ్చాడు. రాత్రంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ పనికి రాలేదు.

"నేను పూడ్చి పెట్టినానమ్మా" అన్నాడు.

పూర్ణిమకు అర్థం కాలేదు. "ఎవర్ని?" అంది భయపడి.

మునెమ్మ అందుకుని మొత్తం చెప్పింది. సున్నం గురించి కొంచెం ఎక్కువగానే చెప్పింది. పూర్ణిమ షెడ్డులోకి వెళ్లింది. ఆరు తొట్ల ముందూ వంగి చూసింది. ఇసుకలోంచి సూది మొనల్లాంటి మొలకలు వచ్చాయి, కొన్ని చుట్ట విప్పుకుంటున్నాయి. ఆమె వేలితో లెక్కపెట్టింది. ముప్పై ఒకటి వచ్చాయి. పదిహేడు రాలేదు. మూడు రకాల్లో సన్న ఆకుల రకం ఒక్కటీ వచ్చినట్టు లేదు. అది ఆమె మత్తిగిరి వరండాలో ఒకే ఒక్క పిలకతో మొదలుపెట్టిన మొక్క.

"రెండు రోజులు ఆగలేకపోయారా మామయ్యా?" అంది. గొంతులో కోపం ఉంది, ఆమె దాచలేదు. "నేను ఫోన్ ఎత్తేదాకా కూడా ఆగలేరా?"

"ఆ పొద్దు ఆగినానమ్మా, పురుగులు పోయినాయి. ఈ తూరి ఆగలేదు, ఇవి పోయినాయి." ఆయన గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. "యాడ ఆగాల్నో యాడ ఆగకూడదో నాకు తెలీకుండా పోయిందమ్మా. అదొక్కటే నాకు తెలిసింది, అదీ పోయింది. నేనింక ఈడికి రాను. నీళ్లు కూడా మీ అత్త పోస్తుందిలే."

పూర్ణిమకు పురుగుల సంగతి తెలుసు. దేవేంద్ర ఎప్పుడో ఒకసారి, నాన్న ముందు ఆ మాట ఎత్తకు అని చెప్పాడు. ఆయన నోట ఆమె వినడం ఇదే మొదలు. కోపం తగ్గిందని చెప్పలేం కానీ, దాని పక్కన ఇంకొకటి వచ్చి చేరింది.

"సోమవారం నుంచి నాకు మొదటి షిఫ్టు" అంది పూర్ణిమ. "తెల్లారి బస్సెక్కితే సాయంత్రం నాలుగింటికి దిగుతాను. వీటిని మీరు చూడకపోతే ఎవరు చూస్తారు?"

"మళ్లా ఏమన్నా అయితేనో?"

"ఫోన్ చేయండి."

"నువ్వు ఎత్తకపోతేనో?"

"ఎత్తేదాకా చేయండి. పూడ్చేది ఆ తర్వాత చూద్దాం."

రామచంద్రప్ప ఆ మాటను అక్షరాలా పాటించాడు. సోమవారం ఒక తొట్టిలో నీళ్లు కొంచెం పచ్చబడ్డాయని ఫోన్ చేశాడు. మంగళవారం ఒక మొలక పక్కకు వంగిందని చేశాడు. బుధవారం నాలుగుసార్లు చేశాడు, అందులో రెండు, అంతా బాగుందని చెప్పడానికి. షిఫ్టులో ఫోన్ ఎత్తకూడదు. పూర్ణిమ లైను పక్కకొచ్చి, తల వంచుకుని ప్రతిసారీ ఎత్తింది. ఏ మొలకను కదపాలో, దేన్ని వదిలేయాలో చెప్పింది. గురువారానికి చెప్పడం తగ్గించి, "మీకేమనిపిస్తోంది మామయ్యా?" అని అడగడం మొదలుపెట్టింది. ఆయనకు అనిపించింది చెప్పాడు. అలాగే చేయమంది.

శుక్రవారం పొద్దున ఆయన మళ్లీ చేశాడు. రాలేదనుకున్న పదిహేడు దుంపల్లో ఒకదాని పక్కన వెంట్రుకంత సన్నటి ఆకు లేచింది. అది చెబుదామని చేశాడు. పూర్ణిమ ఎత్తింది కానీ వెంటనే మాట్లాడలేదు. అవతల మిషన్ల చప్పుడులో ఎవరో మగమనిషి, షిఫ్టు ఇంచార్జి కాబోలు, గట్టిగా అడుగుతున్నాడు. "ఏమ్మా, వారం నుంచి చూస్తాండాను, ఎవరది దినానికి నాలుగుసార్లు? ఇంట్లో ఎవరికన్నా బాగలేదా?"

"లేదు సార్" అంది పూర్ణిమ. "మా మొక్కలు పెంచే రైతు."

రామచంద్రప్ప చెవి దగ్గర ఫోన్ అలాగే పట్టుకున్నాడు. మామగారు అనలేదు. ఇంట్లో పెద్దాయన అనలేదు.

"చెప్పండి మామయ్యా, ఏమైంది?"

ఆయన ఏదో చెబుదామనే చేశాడు. అదేమిటో ఆ క్షణాన ఎంత వెతికినా దొరకలేదు.

"ఏమీ కాలేదమ్మా" అన్నాడు. "నువ్వు పని చూసుకో. నేనుండాను ఈడ."